రెండు రాత్రుల ఉచిత టెంటు, ఒక స్టాటిస్టిక్స్ పేపరు

పాసయ్యాను! డిగ్రీ పాసయ్యాను! స్టాటిస్టిక్స్‌తో సహా!

ముందు ఇది చెప్పకపోతే నాకు ఊపిరాడదు. పొద్దున ఫోన్లో హాల్ టికెట్ నంబరు కొట్టి, రెండు కళ్ళూ మూసుకుని, ఒక కన్ను మాత్రం కొంచెం తెరిచి చూశాను. పాస్ అని ఉంది. పక్కన మార్కులు కూడా ఉన్నాయి గానీ, ఇలాంటి శుభదినాన వాటి గురించి మాట్లాడుకోవడం మర్యాద కాదు.

మా పుట్టింటి వైపు చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. అత్తింటి వైపు అక్కడిదాకా కూడా రాలేదు. మా ఆయన ఐటీఐ చేస్తే వాళ్ళ ఊళ్ళో ఇంజనీరని పిలిచారు, ఇప్పటికీ అలాగే పిలుస్తారు, ఆయన కూడా కాదనడు. అటు ఏడు ఇళ్ళు, ఇటు తొమ్మిది ఇళ్ళు కలిపి వెతికినా డిగ్రీ అన్నది నాదే మొదటిది. దీనికి నేను మొక్కుకోవాల్సింది దేవుడికి, మా ఆయనకి, ఒక టెంటుకి. టెంటు ఎందుకొచ్చిందో చెప్తాను.

మేముండేది దోహాలో, అల్ హిలాల్‌లో. విల్లాలో ఉంటున్నామని చెప్తే మా ఊరివాళ్ళు నోరు తెరుస్తారు. నిజానికి ఒక విల్లాని ప్లైవుడ్ గోడలతో ముక్కలు చేసి ముక్కకో సంసారాన్ని పెట్టారు. మా వాటాకి వచ్చింది ఎవరిదో పాత హాలులో సగం. అందుకే మా పడకగదికి పెద్ద దీపాల గుత్తి వేలాడేసే కొక్కెం ఉంది, కిటికీ లేదు.

గోడకి అవతల ఆపా ఉంటుంది. హైదరాబాదావిడ, వాళ్ళ భాషలో ఆపా అంటే అక్క. నాకంటే పదేళ్ళు పెద్ద, ముగ్గురు మగపిల్లల తల్లి. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఈ దేశానికి వస్తోందని తెలిసిన దగ్గర్నించి ఆ ముగ్గురూ అందులో ఆడాలని నిర్ణయించుకున్నారు. ఏ దేశం తరఫునన్నది ఇంకా తేలలేదు. గోల్ పోస్టు మాత్రం తేలింది, అది మా ప్లైవుడ్ గోడ. ఇక బయటికి వస్తే ఊరంతా ఆ కప్పు కోసం తవ్వుతూనే ఉన్నారు. నిన్న ఉన్న దారి ఇవాళ ఉండదు. మా ఆయన కూడా ఆ తవ్వేవాళ్ళలో ఒకడు, అల్ వుకైర్ వైపు సైట్లో ఫోర్‌మన్. పగలంతా తవ్విందంతా రాత్రి అన్నం దగ్గర మళ్ళీ నోటితో తవ్వుతాడు.

ఈ సంతలో కూర్చుని నేను దూరవిద్యలో బి.కాం. చదివాను. పరీక్షలకి ఊరికి పోయి రాసి వచ్చేదాన్ని. అన్ని పేపర్లూ గట్టెక్కాయి, స్టాటిస్టిక్స్ మాత్రం రెండుసార్లు తన్నింది. మూడోసారి కూడా తన్నితే కథ ముగిసినట్టే. యూనివర్సిటీ వాళ్ళు ఇచ్చిన గడువు ఈ పరీక్షతో అయిపోతుంది. గడువు దాటితే పాసైన పేపర్లు కూడా చెల్లవు, మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి. అంత ఓపిక నాకు లేదు. మా ఆయనకి ఉంది. చదవాల్సింది ఆయన కాదు కాబట్టి.

"ఒక్క రెండు రోజులు సప్పుడు లేని జాగ దొరికితే సాలు, దాని అంతు సూస్త," అన్నాను ఒక రాత్రి. అప్పుడే అవతల ఎవరో గోల్ కొట్టారు, మా గోడమీది క్యాలెండర్ ఊడి పడింది.

మా ఆయనకి ఒక అలవాటుంది. సూపర్ మార్కెట్‌కి పోతే అక్కడ కారు లాటరీ డబ్బా కనిపించాలేగానీ, కూపను నింపకుండా కదలడు. కారు ఎప్పుడూ రాలేదు. కూపను మీది నంబరుకి ఫోన్లు మాత్రం వచ్చేవి. "కంగ్రాచులేషన్స్ సర్, మీకు రెండు రాత్రుల ఉచిత బస!" అని. చలికాలం రాగానే ఇక్కడివాళ్ళు ఎడారిలో టెంట్లు వేసుకుని సరదాగా గడుపుతారు. ఆ సరదాని మాలాంటి వాళ్ళకి కూడా అమ్మొచ్చని ఎవరికో తట్టింది. మెంబర్‌షిప్ కడితే ఏటా కొన్ని రాత్రులు టెంటు మనది. ముందు రుచి చూడమని రెండు రాత్రులు ఉచితం. షరతల్లా మొగుడూ పెళ్ళాం కలిసి వెళ్ళి, గంటన్నర వాళ్ళ ప్రెజెంటేషన్ వినడం.

ఈ సంగతి ఫోన్లో అమ్మకి చెప్తే, "దుబాయ్ దాకా పోయి గుడిసెల పండుడేంది బిడ్డా? గుడిసె కావాల్నంటే ఈడ్నే ఏపిస్తుంటి గద," అంది. ఇది ఖతార్ అని అమ్మకి ఆరేళ్ళుగా చెప్తున్నాను. ఆ ఖతార్ దుబాయ్‌లో ఏ వీధిలో ఉందని అడుగుతుంది.

అప్పటికి మా దగ్గర మూడు ఆఫర్లు పోగయ్యాయి. శుక్రవారం నాడు మంచం మీద మూడు కాగితాలూ పరిచి, సంబంధాలు చూసినట్టు చూశాం. పిలవకపోయినా ఆపా వచ్చి కూర్చుంది. ప్లైవుడ్ గోడ ఉన్నచోట పిలుపులెందుకు?

"నక్కో, వద్దు చెల్లె," అంది ముందే. "ఫ్రీ అని పిలుస్తరు, కూసోవెడ్తరు, దిమాగ్ తింటరు. లాస్టుకు సంతకం పెట్టిపిచ్చుకుంటరు. మా చిన్నమామ గిట్లనే పోయి వాటర్ ఫిల్టర్ కొనుక్కొచ్చిండు. గాయినకు ఇల్లు గూడ లేదు."

"మేం సంతకం పెట్టం గద ఆపా. ఇని వస్తం," అన్నాను.

"నువ్వు పెట్టవు. మీ ఆయన?"

ఇద్దరం ఆయన వైపు చూశాం. ఆయన కాగితం వైపు చూశాడు. మా ఆయనకి కాదనడం రాదు. అడుక్కునేవాడు వస్తే చిల్లర ఇచ్చి, తక్కువైందేమోనని సారీ కూడా చెప్తాడు. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను కాదనలేక ఒప్పుకున్నాడేమోనని నాకు అప్పుడప్పుడూ అనుమానం వస్తుంది.

మొదటి ఆఫరు అల్ వుకైర్ అవతలి ఇసుకలో. రోజూ రాత్రి పాటలు, డాన్సు, ఫుట్‌బాల్ పెద్ద తెర మీద అని గొప్పగా రాశారు. గోల వినడానికి అంత దూరం పోవడమెందుకు, మా మంచం మీదే ఉంది. కొట్టేశాం. రెండోది ఇంకో జంటని వెంట తీసుకొస్తేనే ఇస్తారట. మా ఆయన సైట్లో అందరూ ఒంటిగాళ్ళే, పెళ్ళాలు ఊళ్ళలో ఉన్నారు.

"మేం వస్తం గద," అంది ఆపా ఆశగా. "పిల్లలు గూడ ఖుష్ అయితరు."

రెండోది కూడా కొట్టేశాం, కొంచెం మర్యాదగా.

మూడోది ఉత్తరాన, మదీనత్ అల్ షమాల్ దాటాక సముద్రం ఒడ్డున. బొమ్మలో ఒక టెంటు, ఒక దీపం, బోలెడన్ని నీళ్ళు. మనుషులు లేరు.

"దీంట్ల ఏం లేదే," అన్నాడు మా ఆయన కాగితం తిరగేస్తూ.

"అదే గావాలె," అన్నాను.

ప్రెజెంటేషన్ రోజు పొద్దున మా ఆయన కొత్త సమస్య తెచ్చాడు. "ఉత్త చేతులతోని ఎట్ల పోతమే? రెండు రాత్రులు పండవెడ్తున్రు, మంచిగుంటదా?"

"అయ్యా, వాళ్ళు సుట్టాలు గాదు. టెంట్లమ్మెటోళ్ళు."

"ఎవలైతేంది? పండ్లన్న కొనుకపోదాం."

పండ్లు తీసుకుని సేల్స్ ఆఫీసుకి పోతే ఆసుపత్రికి వచ్చామనుకుంటారని చెప్పాను. అయినా ఉత్త చేతులతో పోవడానికి ఆయనకి మనసొప్పలేదు. చివరికి సర్వపిండి చేశాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు దండిగా వేసి, గంజు గిన్నెకి ఒత్తి, ఎర్రగా కాల్చి, స్టీలు డబ్బాలో సర్దాను. ఉచిత బస ప్రెజెంటేషన్‌కి సర్వపిండి పట్టుకుపోయినవాళ్ళు ఈ భూమ్మీద మేమిద్దరమే అయ్యుంటాం.

ఆఫీసు అద్దాల భవనంలో, చాలా పైన ఉంది. కాలు పెడితే మునిగిపోయే తివాచీ, ఎగిరే డేగల బొమ్మలు, చుట్టూ మాలాంటి జంటలు. ప్రతి జంటకీ ఒక సేల్స్ మనిషి. ఎవరైనా సంతకం పెడితే గంట కొడుతున్నారు, అందరూ చప్పట్లు. మాకు దొరికిన కుర్రాడు సూటు వేసుకున్నాడు, బాగా నవ్వుతున్నాడు. మొదట ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, మా ముఖాలు చూసి హిందీలోకి దిగాడు. గహ్వా, అంటే ఇక్కడి అరబ్బు కాఫీ, పోయించాడు. చిన్న కప్పు తాగి కింద పెడితే మళ్ళీ పోస్తారు. వద్దనుకుంటే కప్పుని అటూ ఇటూ ఊపాలి. ఆ సంగతి నాకు తెలుసు. మా ఆయనకీ తెలుసు, కానీ ఊపితే పోసేవాడు నొచ్చుకుంటాడని ఊపలేదు. ఆ చేదు నీళ్ళు ఎన్ని తాగాడో ఆయనకే తెలియాలి.

"ప్రపంచ కప్పు వచ్చిందనుకోండి సర్," అన్నాడు కుర్రాడు హిందీలో, తెర మీద వెలిగిపోతున్న టెంటుని చూపిస్తూ. "దోహాలో ఒక్క గది దొరకదు. అప్పుడు మీ టెంటు మీది. కావాలంటే మీరుండండి, కావాలంటే చుట్టాల్ని పిలవండి."

కప్పు వచ్చేనాటికి మా వీసా ఉంటుందో లేదో మా ఆయన కంపెనీకే తెలీదు. ఆయన మాత్రం అప్పటికే చుట్టాల్ని లెక్కపెట్టుకుంటున్నట్టు తల ఊపుతున్నాడు.

"మా మెంబర్లు సగటున ఏడాదికి ఇరవై రాత్రులు వాడుకుంటారు," అన్నాడు కుర్రాడు.

సగటు అన్న మాట వినగానే నాకు పూనకం వచ్చింది. "సగటేనా? మీడియన్ ఎంత?" అని హిందీలో అడిగాను, మా పుస్తకంలో మధ్యగతం అనే దాన్ని, వరసలో నడిమి అంకెని. ఒక్కడే ఏడాదంతా అక్కడే పడుంటే కూడా సగటు పెరుగుతుంది కదా అని నా పాయింటు.

కుర్రాడు తెర వదిలి ఇటు తిరిగాడు. "అంటే ఏంటి మేడమ్?"

చెప్పడం మొదలుపెట్టాను. సగం దూరం పోయాక బహుళకం అనే ఇంకో లెక్కలోకి జారాను, అక్కడి నుంచి దారి దొరకలేదు. అందుకే కదా రెండుసార్లు పోయింది. మా ఆయన జాలిగా నా వైపు చూసి, మాట మార్చడానికి టేబుల్ మీద స్టీలు డబ్బా పెట్టి మూత తీశాడు.

కుర్రాడి ముక్కు ముందు కదిలింది. తర్వాత ముఖమంతా మారిపోయింది.

"సర్వపిండా?" అన్నాడు, ఈసారి తెలుగులో. "అన్నా, మీదేడ?"

"జగిత్యాల దిక్కు."

"అరె! మాది కోరుట్లన్నా! గీ సూటుల మీరు నన్ను గుర్తువట్టలె, నేను గూడ గుర్తువట్టలె మిమ్ముల." అంటూ ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాడు. ఇంకోటి. పక్క టేబుల్ వాడు అటు తిరగడం చూసి డబ్బా తన వైపు జరుపుకున్నాడు. "మా అమ్మ గూడ గిట్లనే చేస్తది. గంజుకు ఒత్తి. నాలుగేండ్లాయె తిని."

అంతలో వాళ్ళ మేనేజరొచ్చాడు. కాగితాలు పరిచాడు, పెన్ను మా ఆయన చేతిలో పెట్టాడు, ఈ ధర ఇవాళ ఒక్కరోజే అని చెప్పి, గంట దగ్గరికి పోయి నిలబడ్డాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను కళ్ళతో వద్దన్నాను. ఆయన మేనేజర్ వైపు చూశాడు. తివాచీ చూశాడు. పాపం అంతసేపు చెప్పారు కదా అన్న ముఖం పెట్టి, పెన్ను మూత తీశాడు.

ఆ సంతకం పడితే దాచిన డబ్బంతా టెంటుకి పోతుంది, వచ్చే వేసవికి ఊరికి పోయే నా టికెట్ లేదు, పరీక్ష లేదు.

కుర్రాడు సర్వపిండి నములుతూనే, తెర మీద ఏదో చూపిస్తున్నట్టు వేలు పెట్టి, నవ్వు చెదరకుండా, గొంతు మాత్రం తగ్గించాడు. "అన్నా, పెన్ను కిందవెట్టు. మీ ఇంటి తిండి తిన్న, ఇగ నీకు అబద్ధం చెప్తే నాకు అరగది. సంతకం వెట్టకున్నా వోచర్ ఇయ్యాల్సిందే. కూసుండి ఇన్నరు, అంతే లెక్క. ఇంటికి పోయి ఆలోచిస్తం అను."

"బాధవడ్తడేమో ఆయన," అన్నాడు మా ఆయన మేనేజర్ని చూస్తూ.

"ఆయన రోజు బాధవడ్తడు. అలవాటే."

మా ఆయన జీవితంలో మొదటిసారి కాదన్నాడు. ఆ మాట అనేసి, ధైర్యం చాలక గహ్వా ఇంకో కప్పు తాగాడు. వోచర్ రాస్తూ కుర్రాడు నాతో అన్నాడు, "అక్కా, ఒక్కటి జెప్త, తర్వాత నన్ను తిట్టద్దు. ఫ్రీ వోచర్‌కు వారం నడుమ రోజులే ఇస్తరు. ఆడ పాటలుండయి, ఆటలుండయి, పురుగు గూడ కనవడది. మస్తు బోర్."

ఆ కుర్రాడిని కౌగిలించుకోబుద్ధేసింది. డబ్బా మాత్రం అతని దగ్గరే వదిలేసి వచ్చాం.

మా ఆయన రెండు రోజులు సెలవు పెట్టాడు, స్నేహితుడి కారు అడిగాడు. మదీనత్ అల్ షమాల్ దాటాక రోడ్డు సన్నబడింది, తర్వాత ఇసుక, తర్వాత టెంట్లు. బొమ్మలో ఉన్నట్టే ఉంది. లోపల మంచం, దీపం, ప్లగ్గు. ఇంకో మనిషి లేడు, ఒక నేపాలీ వాచ్‌మన్ తప్ప. పుస్తకం తెరిచాను.

ఏమీ ఎక్కలేదు.

ఇంత మొత్తుకుని తెచ్చుకున్న నిశ్శబ్దం చెవుల్లో గుయ్యిమంటోంది. ఒకే లైను మీద కళ్ళు జారిపోతున్నాయి. గోడ లేదు, గోల్ లేదు, రోడ్డు తవ్వేవాడు లేడు, తిట్టుకోవడానికి ఎవరూ లేరు. తప్పంతా నాదేనని ఆ టెంటులో మొట్టమొదటిసారి అర్థమైంది. ఏడుపొచ్చింది. మా ఆయన బయట కుర్చీలో కూర్చుని సముద్రాన్ని చూస్తున్నాడు, ఎవరు దీన్ని ఇంత లోతు తవ్వారో అన్నట్టు.

"ఏమైందే?" అన్నాడు.

"నాకు రాదయ్యా. నాకు ఈ సదువు రాదు."

"బళ్ళె ఉన్నప్పుడు ఎట్ల సదివినవ్?"

"ఎట్లనేంది? అందరం మొత్తుకునేటోళ్ళం."

అన్నాక నేనే ఆగిపోయాను. మా బళ్ళో చదువంటే అరవడమే. ఎక్కాలు, పద్యాలు, ముఖ్య పట్టణాలు, అన్నీ గొంతు పోయేలా. మనసులో చదవడం నాకు ఎవరూ నేర్పలేదు. ప్లైవుడ్ గోడ పక్కకి వచ్చాక, పెళ్ళయినదాన్ని చిన్నపిల్లలా పైకి చదువుతుంటే ఆపా వింటుంది, నవ్వుతుంది అని పెదవులు కుట్టేసుకున్నాను. ఇన్నాళ్ళూ వాళ్ళ చప్పుడు నన్ను చదవనివ్వలేదని తిట్టుకున్నాను గానీ, నాకు లేకపోయింది నా చప్పుడు.

లేచి బయటికొచ్చి, పుస్తకం ఎత్తిపట్టుకుని, సముద్రం వైపు తిరిగి అరిచాను. "ప్రామాణిక విచలనం అనగా!" గాలి ఎదురొస్తోంది, అంతకంటే గట్టిగా అరిచాను. మా ఆయన కుర్చీలోంచి పడబోయాడు. తర్వాత ఆయనే పుస్తకం తీసుకుని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. నేను తప్పు చెప్తే "గల్తీ!" అని సైట్లో కూలీల్ని కేకేసినట్టు కేకేస్తాడు. నేను "నువ్వే సరిగ్గ సదవలే!" అని తిరిగి అరుస్తాను. సాయంత్రమయ్యేసరికి ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి.

వాచ్‌మన్ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మా ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి, "భాయ్, మేడమ్‌తో గొడవలొద్దు, ఆడమనిషి, దూరదేశం," అని హిందీలో బుద్ధి చెప్పాడు.

"గొడవ కాదు భాయ్, చదువు," అన్నాడు మా ఆయన.

వాచ్‌మన్ నా వైపు చూశాడు. నా చేతిలో పుస్తకం, కళ్ళు ఎర్రగా, జుట్టంతా గాలికి లేచిపోయి. నమ్మలేదు. ఆ రాత్రంతా మా టెంటు చుట్టూ రెండు మూడుసార్లు తిరిగి పోయాడు. ఏ మెంబర్‌షిప్పులోనూ ఇంత సెక్యూరిటీ ఉండదు.

మర్నాడూ అదే అరుపు. ఇంటికి వచ్చాక కూడా ఆపలేదు. మొదటి రోజు అవతల పిల్లల బంతి ఆగింది. రెండో రోజు ఆపా గోడ కొట్టింది. నా ప్రాణం పోయింది. "చెల్లె! నిన్న మధ్యగతం అంటే ఇంకోటి జెప్పినవ్. ఏది రైటు?" అని అడిగింది. నిన్నటిదే రైటు. పరీక్షకి పోయేలోపు ఆమె నన్ను అలా ఎన్నిసార్లు పట్టుకుందో! ఇవాళ పొద్దున నేను వేసిన కేకకి, గోడ అవతల నుంచి ముందు ఆమె కేక వినిపించింది. కాబట్టి ఆమెకి ఫోన్ చెయ్యక్కర్లేదు. ఇక చెయ్యాల్సినవాళ్ళు:

మా ఆయన. సైట్లో ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తేదాకా కొడతాను.

అమ్మ. డిగ్రీ అంటే ఏమిటో మళ్ళీ చెప్పాలి, సమయం పడుతుంది.

నాన్న. అమ్మ పక్కనే ఉంటాడు, అయినా విడిగా చెయ్యకపోతే అలుగుతాడు.

తమ్ముడు. ఇంటర్లో తప్పి, ట్రాక్టరు కొనుక్కుని, చదువెందుకని నాకు సలహాలిచ్చేవాడు. వాడితో ఎక్కువసేపు మాట్లాడాలి.

కోరుట్ల కుర్రాడు. ఇంకా టెంట్లే అమ్ముతున్నాడో, నిజాలు చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నాడో.

పదో తరగతిలో లెక్కలు చెప్పిన సారు. నంబరు ఎవరిస్తారో కనుక్కోవాలి.

అత్తమ్మ.

మా ఆడబిడ్డ. ఆమెకి ఒక్క ఫోను చేస్తే అటు ఏడు ఇళ్ళకీ, ఇటు తొమ్మిది ఇళ్ళకీ గంటలో తెలిసిపోతుంది, ఇక నేను చెప్పుకోవడానికి ఎవరూ మిగలరు. అందుకే ఆమెని చివర్న పెట్టాను.